కూరంబా రేసుకోర్సు గైడు, సవరించిన రెండో ముద్రణ

రేసుల శాఖ మంత్రి డేమియన్ క్రాచ్లీ గారు కూరంబా రేసుకోర్సును ప్రజలందరికీ అంకితం చేస్తున్నట్టు ప్రకటించారు. అంతవరకూ అది ఎవరిదో ఆయన చెప్పలేదు. విలేకరులూ అడగలేదు. రేసు క్లబ్బు సభ్యుల భోజనశాలలో ఆరోజు వడ్డించిన రొయ్యలు చాలా బాగున్నాయి.

"మెల్బోర్న్ మొత్తానికి గర్వకారణమైన ఈ మైదానంలో సామాన్యుడు ఎటు వెళ్ళాలో తెలియక తికమకపడటం ప్రజాస్వామ్యానికే మచ్చ" అన్నారు మంత్రిగారు. "అందుకే గైడు అచ్చు వేస్తున్నాం. పేరు 'అందరి కూరంబా'. అందులో ఉన్నదే కూరంబా. అందులో లేనిది కూరంబాలో లేనట్టే లెక్క."

గైడు రాసే భాగ్యం నోలీన్ పాస్కోకి దక్కింది. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో చూడకుండా చెప్పగలిగింది ఆమె ఒక్కతే అని తేలింది.

నోలీన్ ఇరవై తొమ్మిదేళ్ళుగా సభ్యుల గేటు దగ్గర నిలబడుతోంది. మగవాళ్ళకి కోటు, టై, మేజోళ్ళు ఉన్నాయో లేదో చూసి లోపలికి వదలడం ఆమె పని. మేజోళ్ళు లేవని ఒక బిషప్పు గారిని వెనక్కి పంపింది. టై లేదని గుర్రం యజమానినే ఆపితే, తన గుర్రం గెలిచిన సంగతి పాపం ఆయన కారు పార్కింగులో విన్నాడు. నలభై డిగ్రీల ఎండలోనైనా సరే, కమిటీ అధ్యక్షుడు తన కోటు విప్పి, ఆ సంగతి మైకులో చెప్పించేదాకా సభ్యులెవరూ కోటు విప్పరాదు. ఒక ఏడు అధ్యక్షుడు భోజనం చేసి కునుకు తీశాడు. ఏడుగురు సొమ్మసిల్లి పడిపోయారు, కోట్లతోనే. క్రమశిక్షణ అంటే అదీ అని నోలీన్ ఇప్పటికీ చెబుతుంది.

ఆమె పన్నెండు పేజీలు రాసింది. అందులో మూడు పేజీలు ఉత్తరపు వాలు గురించే. వాలు అంటే పచ్చగడ్డి దిబ్బ. అక్కడ కోటు అక్కర్లేదు, హవాయి చెప్పులు చాలు. తిండి, బీరు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. గుర్రాలు ఆఖరి మలుపు తిరిగి ప్రాణాలకు తెగించి పరుగెత్తడం మైదానం మొత్తంలో అక్కడ్నుంచే సరిగ్గా కనిపిస్తుంది. ట్రాము నడిపి రిటైరైన ఆమె భర్త మెర్వ్ నలభై ఏళ్ళుగా కప్పు రోజున, అంటే ఏడాదికోసారి వచ్చే అతిపెద్ద పందెం రోజున, మడతకుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటాడు. మధ్యాహ్నం విరామంలో ఆమె కంచె దాకా వస్తే పైనుంచి హామ్ శాండ్‌విచ్ అందిస్తాడు. వాళ్ళిద్దరికీ మొదటిసారి పరిచయమైంది కూడా ఆ గడ్డి మీదే. ఈ చివరి సంగతి ఆమె గైడులో రాయలేదు.

మంత్రిగారి సలహాదారు ఇంగ్రిడ్ వాల్ష్ పేజీలన్నీ తిరగేసి, వాలు దగ్గర ఆగింది. కమిటీ వాళ్ళు అక్కడ విందు గుడారాలు వేసుకోవాలనుకుంటున్నారనీ, గైడులో వాలు లేకపోతే అందరికీ సులువనీ నెమ్మదిగా చెప్పింది.

"అక్కడ జనం ఉంటారమ్మా" అంది నోలీన్.

"జనానికి ముందుమాట ఉందిగా. మంత్రిగారు స్వయంగా రాశారు."

"ముందుమాట మీద కుర్చీ వేసుకోలేరు కదా."

ఇంగ్రిడ్ చాలాసేపు ఆలోచించి బేరం పెట్టింది. దుస్తుల నియమాలు మరీ పలచగా ఉన్నాయని కమిటీ బాధపడుతోంది. వాటిని పద్నాలుగు పేజీలకు పెంచి, ఒక్క సందు కూడా లేకుండా బిగిస్తే, వాలుకి ఒక పేజీ ఉంచుతారు. నోలీన్ ఒప్పుకుంది. ఆ పద్నాలుగు పేజీలూ ఆమె ఎంతో ఇష్టంగా రాసింది. మేజోళ్ళ ఎత్తుకి ఒక బొమ్మ కూడా వేసింది. చివర్లో ఇంగ్రిడ్ తన చేత్తో ఒక వాక్యం చేర్చింది: ఈ నియమాలు హోదాతో సంబంధం లేకుండా అందరికీ వర్తిస్తాయి. వినడానికి బాగుంటుందని చేర్చింది తప్ప, వేరే ఉద్దేశం లేదు.

కప్పు రోజు ఎండ మండిపోయింది. గైడు ఆవిష్కరణ సభ్యుల పచ్చికలో. సామాన్యుడిలా కనిపించాలని ఎవరో చెప్పారట, మంత్రిగారు టై లేకుండా, మేజోళ్ళు లేకుండా, బూట్లలోంచి చీలమండలు మెరిపిస్తూ వచ్చారు. వెనక నాలుగు కెమెరాలు.

నోలీన్ చెయ్యి అడ్డం పెట్టింది. "తొమ్మిదో పేజీ సార్."

"నేనెవరో తెలుసా అమ్మా?"

"తెలుసు సార్. మంత్రులకి మినహాయింపు పదహారో పేజీలో ఉండాలి. లేదు."

"ఆ గైడు ఆవిష్కరించడానికే వచ్చాను."

"ఆవిష్కరించేదాకా అయినా పాటించాలి కదండీ."

మంత్రిగారు ఇంగ్రిడ్ వైపు చూశారు. ఇంగ్రిడ్ కెమెరాల వైపు చూసి, ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. నోలీన్ చెయ్యి పట్టుకుని ఊపి, నేరుగా ఉత్తరపు వాలు ఎక్కారు. దొరికిన మొదటి ఖాళీలో, అంటే మెర్వ్ పక్కన, చతికిలబడ్డారు. మెర్వ్ ఆయనెవరో తెలియక శాండ్‌విచ్ ఇచ్చాడు. మంత్రిగారు దాన్ని కెమెరాల ముందు నాలుగుసార్లు కొరికారు. ఆ తర్వాత లేచి అక్కడే గైడు ఆవిష్కరించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఈలోగా ఆయన వెనకే కప్పు పందెం జరిగిపోయింది. ఎవరు గెలిచారని మెర్వ్ పక్కవాణ్ణి అడిగితే, మంత్రిగారు అడ్డం ఉన్నారని చెప్పాడు.

మర్నాడు ప్రతి పత్రికలోనూ ఆ కొరుకుడే. జనం మనిషి అన్నారు. సర్వేలో మంత్రిగారు ఆరు పాయింట్లు పైకి లేచారు. ఇక వాలు జోలికి ఎవరూ రారని నోలీన్ సంబరపడింది. ఆరోజు ఇంట్లో ఆమే వంట చేసింది, మెర్వ్‌ని లేవనివ్వలేదు.

ఆమె అనుకున్నదే జరిగింది. మరుసటి ఏడు వచ్చిన రెండో ముద్రణలో వాలుకి ఒకటి కాదు, పదకొండు పేజీలు ఇచ్చారు. పేరు కూడా పెట్టారు, 'ప్రజల వాలు' అని. అట్ట మీద మంత్రిగారు, మెర్వ్, మధ్యలో శాండ్‌విచ్. నోలీన్‌కి పదోన్నతి వచ్చింది. అంత నిక్కచ్చి మనిషి ప్రజల దగ్గరే ఉండాలని మంత్రిగారు స్వయంగా కోరారట. వాలు చుట్టూ కొత్త కంచె, కంచెకి కొత్త గేటు, గేటు దగ్గర నోలీన్. చేతిలో జాబితా. అందులో మంత్రిగారి ఆఫీసు ఎంపిక చేసిన నూట ఇరవై మంది సామాన్యుల పేర్లు ఉన్నాయి. శాఖ తరపున అందరికీ హవాయి చెప్పులు, కాస్త మాసినట్టు కనిపించే టోపీ, ఒక మడతకుర్చీ.

కప్పు రోజు పదకొండు గంటలకి మెర్వ్ వచ్చాడు. హవాయి చెప్పులు, చంకలో కుర్చీ, చేతిలో ఐసు పెట్టె. వెనక వరస పెద్దదే ఉంది.

నోలీన్ జాబితా చూసింది. రెండో పేజీ తిప్పింది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"లేను కదూ?" అన్నాడు మెర్వ్.

"పాస్కో అనే పేరే లేదు."

"అట్ట మీద ఉన్నది నేనేనే."

"ఫొటోకి అనుమతి తీసుకున్నారు. ఆరో పేజీలో ఉంది."

"నువ్వే కదా గేటు దగ్గర ఉన్నది. నాకోసం ఇంత కొట్లాడావు."

నోలీన్ జాబితా మడిచి పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళలో, బిషప్పు ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా నియమం పక్కన పెట్టాలని అనిపించలేదు. ఈ ఒక్కసారికి కళ్ళు మూసుకోవచ్చు, అనుకుంది. వరసలో మూడోవాడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ఆమె వీపు దానంతట అదే నిటారుగా అయింది.

"కారు పార్కింగులో పెద్ద తెర పెట్టారు సార్" అంది. "ఇరవై రెండో పేజీ. దయచేసి పక్కకి జరగండి, వెనక జనం ఆగిపోతున్నారు."

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని సార్ అనడం అదే మొదలు. మెర్వ్ కుర్చీ చంక మార్చుకుని పార్కింగు వైపు నడిచాడు. తర్వాతి సామాన్యుడు ముందుకొచ్చి తన పేరు చెప్పాడు. లోపల మంత్రిగారు మైకు తీసుకుని అందరికీ స్వాగతం పలుకుతున్నారు.