ఆగి ఆగి వెలిగే ఫ్లాషు

పాఠకులారా! మన కుటుంబ వ్యవస్థ ఇంకా కూలిపోకుండా నిలబడిందంటే కారణం ఎవరు? చట్టమా? కాదు. పెద్దల ఆశీర్వాదమా? అంతకన్నా కాదు. సమయానికి వెలగని చవకరకం కెమెరా ఫ్లాషు!

నవ్వకండి. రుజువు ఉంది. ఆ రుజువు పేరు వీరభద్రం. హనుమకొండ చౌరస్తా దగ్గర మేడ మీద అతని ఫోటో స్టూడియో.

కథ ఒక దారుణ మరణంతో మొదలవుతుంది. చనిపోయింది వీరభద్రం పాత ఫ్లాషు. మంచి కంపెనీ సరుకు. రఘునాథపల్లిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, బంతి మొత్తం ఒకే ఫోటోలో రావాలని అతను కుర్చీ ఎక్కి కెమెరా కిందికి వంచాడు. ఫ్లాషు బిగింపు ఊడి నేరుగా పచ్చిపులుసు గంగాళంలోకి దూకింది. లోపలినుంచి ఒక్కసారి మెరిసింది. అంతే. పచ్చిపులుసు మాత్రం ఆ రోజు ఎందుకో మామూలుకన్నా బాగుందని అందరూ రెండోసారి అడిగి పోయించుకున్నారు.

సరిగ్గా అప్పుడే నెత్తి మీదికి పెద్ద పెళ్లి వచ్చింది. వరంగల్ బట్టల బజారులో వెంకట్రాజం సేటు పెద్దకూతురు సౌమ్య పెళ్లి.

"ఇనవయ్యా వీరభద్రం," అన్నాడు సేటు. "పెద్దబిడ్డ పెండ్లి నీకిచ్చిన. ఆల్బం మంచిగస్తే చిన్నబిడ్డ పెండ్లి గూడ నీదే. లేకుంటే కాబోయే చిన్నల్లుడు హైదరాబాద్ టీముతోని మాట్లాడిపెట్టిండు. గదేందో క్యాండిడ్ అట. మనం చూడనప్పుడు తీస్తరట. చూడనప్పుడు తీసుడేందయ్యా, దొంగతనమా?"

వీరభద్రం నవ్వుతూనే లోపల లెక్క వేసుకున్నాడు. సేటు చేజారితే బజారు మొత్తం చేజారుతుంది. ఆ తర్వాత మిగిలేది పాస్‌పోర్టు ఫోటోలూ, వాటికి తగిలించే నీలం కోటూ!

కొత్త ఫ్లాషు కావాలి. కంపెనీది కొనాలంటే బండి అమ్మాలి. చవకది కొనాలంటే మెదడు అమ్మాలి. ఎందుకంటారా? మీరెప్పుడైనా యూట్యూబ్‌లో చవక ఫ్లాషుల గురించి వెతికారా? ఒకాయన ఇది కొంటే జీవితం మారిపోతుందంటాడు. ఇంకొకాయన అదే ఫ్లాషు కొని తన జీవితం ఎలా మారిపోయిందో ఏడుస్తూ చెబుతాడు. గైడ్ నంబర్, అంటే వెలుగు ఎంత దూరం పోతుందో, చూడమంటాడొకడు. వెలుగును తనంతట తానే సర్దుకునే టీటీఎల్ లేకపోతే బతుకే దండగంటాడు మరొకడు. అన్నిటికన్నా ముఖ్యం రీసైకిల్ టైము, అంటే ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి అది తీసుకునే విశ్రాంతి, అంటాడు మూడోవాడు. వీరభద్రం అన్నం తింటూ చూశాడు, పళ్లు తోముకుంటూ చూశాడు, నిద్రలో "మాన్యువల్ మోడ్!" అని కేకలు పెట్టాడు.

భార్య శ్రీలతకు ఒళ్లు మండింది.

"నన్ను చూసేతందుకు అచ్చినప్పుడు చాయ సల్లారకముందే సరే అంటివి. గీ డబ్బకు ఇన్ని దినాలా?"

"నువ్వు వేరు శ్రీలతా, నీకు రివ్యూలు లేకుండె."

ఆ పూట అతను కూర లేకుండా తిన్నాడు. మర్నాడే వరంగల్ చౌరస్తాలో రాంచందర్ కెమెరా దుకాణానికి పోయి అన్నిట్లోకీ చవకైనది చేతిలోకి తీసుకున్నాడు.

"వెలుగుతదా అన్నా?"

"ఎందుకు వెలగదన్నా? మస్తు వెలుగుతది," అన్నాడు రాంచందర్. "ఎప్పుడన్నది జర దాని ఇష్టం."

హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాలు. రిసెప్షన్. వేదిక ఎక్కాల్సిన వరుస ఐస్‌క్రీం కౌంటర్ దాకా సాగింది. చేతులు ఖాళీగా ఉండాలని అందరూ ఫోన్లు కింద కూర్చున్న వాళ్లకు అప్పగించి మరీ మెట్లెక్కుతున్నారు. మొదటి ఫోటోకు ఫ్లాషు పిడుగులా వెలిగింది. రెండోదానికి? చీకటి. దాని నెత్తి మీద చిన్న ఎర్రదీపం మాత్రం "ఆగు, వస్తున్నా" అన్నట్టు మిణుకుమంటోంది.

నిజానికి ఫోటో పడింది! ఈ కాలపు కెమెరాకు వేదిక మీది లైట్లే ఎక్కువ. ఆ సంగతి కెమెరాకు తెలుసు, వీరభద్రానికి తెలుసు. జనానికి చెప్పేదెవరు? మన దగ్గర మెరవనిది ఫోటో కాదు. అసలు ఫ్లాషు ఉన్నది ఫోటో తియ్యడానికని ఎవరన్నారు? జనాన్ని వేదిక దింపడానికి!

పాలంపేట నుంచి వచ్చిన చిలుకమ్మ, సేటు దుకాణానికి పాత గిరాకీ, కొత్తజంట పక్కన పాతుకుపోయింది.

"లైటు పడలే కొడుకా. నేను దిగ."

"ఫోటో అచ్చింది పెద్దమ్మా!"

"నాకు కండ్లు కనబడయనుకున్నవా? లైటు పడితే నాకెర్క గాదా?"

ఎర్రదీపం మిణుకుమంటూనే ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆమె పెళ్లికొడుకు వైపు తిరిగింది. "నీ పేరేంది బిడ్డా?"

పొద్దుటి నుంచి ఆ మాట అడిగినవాళ్లు లేరేమో, అతని మొహం వికసించింది. "అఖిల్ అమ్మా. డోర్నకల్ల రైల్వేల జేస్త."

"ఓహో, నువ్వేనా! మొన్న మా బండి గంట సేపు ఆగింది. ఎందుకాపినవ్?"

పెళ్లికూతురు పకపకా నవ్వింది. వీరభద్రం చెయ్యి అలవాటు కొద్దీ నొక్కింది. వెలుగు లేదు.

అసలు గండం తర్వాత వచ్చింది. సేటు, ఆయన తమ్ముడు సుదర్శన్ పక్కపక్కన నిలబడ్డారు. దుకాణం పంచుకున్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒక్క మెరుపు మెరిస్తే చాలు, చెరో పక్క మెట్లూ దిగిపోదామని పళ్లికిలించి నిలబడ్డారు. మెరవదే! బుగ్గలు నొప్పి పుట్టాయి. చివరికి తమ్ముడి నోరే ముందు తెరుచుకుంది.

"అన్నా, గీ ఫోటోగ్రాఫర్‌ను యాడికెళ్లి పట్టుకచ్చినవే?"

"నీ పెండ్లి తీసినోడే గదరా!"

"గందుకేనా? గా ఆల్బంల నువ్వు ఎక్కడ జూసినా కండ్లు మూసుకొనే ఉన్నవ్!"

"నీ మరదలు పాట పాడుతాంటే తెరుస్తనా?"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని విరగబడి నవ్వారు. ఫ్లాషు తాపీగా, అంతా అయ్యాక వెలిగింది. చూశారా పాఠకులారా! ఏ కోర్టైనా ఈ పని ఇంత తొందరగా చేస్తుందా?

ఆల్బం పట్టుకుని సేటు ముందు కూర్చున్నప్పుడు వీరభద్రం చూపు తలుపు వైపే ఉంది. ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు! సేటు ఒక్కొక్క పేజీ తిప్పాడు. తమ్ముడి ఫోటో దగ్గర వేలు ఆగింది.

"ఇదెప్పుడు తీసినవయ్యా?"

"లైటు పడనప్పుడు సేటూ..."

"గిదేనా క్యాండిడ్ అంటే?"

వీరభద్రం రెప్ప కూడా వెయ్యలేదు. "గిదే సేటూ!"

"చిన్నబిడ్డ పెండ్లి గూడ నీదే పో! ఒక్కటే షరతు. గిట్లనే అందరు మాట్లాడుకుంట, నవ్వుకుంట ఉండాలె. గా ఫ్లాషే తేవాలె."

వీరభద్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చి ఫ్లాషును ముద్దు పెట్టుకున్నాడు. ఆ గారాబానికో ఏమో, మర్నాటి నుంచి అది బాగైపోయింది! నొక్కితే వెలుగు, నొక్కితే వెలుగు! దాన్ని పట్టుకుని రాంచందర్ దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, ఇది మంచిగ పనిచేస్తాంది! వాపస్ తీస్కో!"

"పాడైతేనే గ్యారంటీ అన్నా. బాగైతే నేనేం జేస్త?"

ఇక దారేముంది? చిన్నకూతురు పెళ్లిలో, చుట్టాలు వేదిక నిండా నిలబడ్డాక, వీరభద్రం బొటనవేలితో మెల్లగా ఫ్లాషు స్విచ్ ఆపేశాడు. "అయ్యో, వెలుగుతలేదు! జర ఆగుండ్రి!" అని అరిచి, కంటికి కెమెరా ఆనించి, మాటల కోసం, నవ్వుల కోసం కాచుకున్నాడు. పక్కనే సేటు కూడా.

వేదిక మీద ఉన్నది పోయిన పెళ్లికి వచ్చిన వాళ్లే. ఈ ఫోటోగ్రాఫర్ సంగతి తెలిసినవాళ్లు! "ఇగ టైం పడ్తది తియ్," అన్నారెవరో. ఈసారి ఎవరూ చేతులు ఖాళీగా ఎక్కలేదు. అందరూ ఒక్కసారిగా ఫోన్లు తీసి తలలు వంచారు. సుదర్శన్, అత్త, వియ్యపురాలు, కొత్తజంట! కింది నుంచి తెల్లటి వెలుగు ఒక్కొక్క మొహం మీదా చక్కగా, నీడ పడకుండా పరుచుకుంది.

"మాట్లాడుమనవయ్యా!" అన్నాడు సేటు బతిమాలుతున్నట్టు.

వీరభద్రం పిలిచాడు. ఎవరూ పలకలేదు. కంగారుగా స్విచ్ వేసి నొక్కాడు. ఫ్లాషు పిడుగులా వెలిగింది. ఒక్క రెప్ప ఆడలేదు. ఒక్కరూ దిగలేదు.

అన్నట్టు, ఇంతకీ చవకలో ఏ ఫ్లాషు కొనాలో చెప్పమంటారా? ఏదైనా కొనండి. వెలిగితే తలెత్తి చూసేదెవరు గనక!