దొంగ అచ్చుకు ఎంపిక

పెరూ రాజధాని లిమా నగరంలో ఎవరు రచయిత, ఎవరు కాదు అని తేల్చే అధికారం విశ్వవిద్యాలయాలకు గానీ విమర్శకులకు గానీ లేదు. అది ట్రాఫిక్ సిగ్నళ్లకు ఉంది. ఎర్ర లైటు పడగానే కార్ల మధ్య తిరిగి పుస్తకాలమ్మేవాళ్ల చేతిలో మీ నవల దొంగ కాపీ కనిపించిందా, మీరు రచయిత. కనిపించలేదా, మీరు ఊరికే నవల అచ్చేయించుకున్న మనిషి. (రెండో రకానికి కూడా ఓటు హక్కు ఉంది.)

మిలుస్కా పకోరాది రెండో రకం. ఒక బ్యాంకు యాప్‌లో 'కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చేలా చూడటం ఆమె ఉద్యోగం. (ఆమె రాసినవాటిలో జనం ఎక్కువగా చదివింది అదే.) తొలి నవల వచ్చి ఏడాదైనా ఎవడూ దొంగిలించలేదు. రెండోది పట్టుకెళితే ప్రచురణకర్త సెన్యోర్ ఫౌస్తో దాన్ని తెరవనైనా తెరవలేదు.

"మొదటిది సిగ్నల్ దగ్గర కనపడట్లేదేంటమ్మా?"

"అది నేరం కదండీ."

"నేరమే. నీ విషయంలో ఎందుకు జరగట్లేదని అడుగుతున్నా. జరిగాక రా, రెండోది వేద్దాం."

మిలుస్కా తన నవల పీడీఎఫ్‌ను తనే ఇంటర్నెట్‌లో లీక్ చేసింది. ఎవరూ ముట్టుకోలేదు. 'వైరస్ ఉందేమో' అని ఒకరు కామెంట్ పెట్టారు. చివరికి ఆఫీసుకు సెలవు పెట్టి, పాత పుస్తకాల బజారు వెనక ఉన్న దొంగ అచ్చు ఎంపిక విభాగం ముందు లైన్లో నిలబడింది. అందరూ రచయితలే. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లలా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"మీది నవలా? అదృష్టవంతులు," అన్నాడు వెనకనున్న కవి. "కవిత్వం కౌంటర్ ఎప్పుడో ఎత్తేశారు."

"మరి మీరెందుకు నిలబడ్డారు?"

"అలవాటైపోయింది."

కిటికీ అవతల ఎంపికలు చూసే సెన్యోరా ఎర్మెలిండా మొక్కజొన్న పానీయం చిచా తాగుతోంది.

"ఒరిజినలేనా తల్లీ? దొంగ కాపీలు మేం తీసుకోం."

"ఒరిజినలే. ఇదిగోండి."

"నువ్విచ్చి నేను తీసుకుంటే అది దొంగతనం ఎట్లా అవుతుంది? ఇక్కడ పద్ధతుంది. కౌంటర్ మీద మర్చిపోయి వెళ్లు. కానియ్, అటు తిరుగు."

మిలుస్కా అటు తిరిగి, నిబంధనల ప్రకారం మర్చిపోయింది.

వారం తర్వాత, అదే లైను, అదే కిటికీ దగ్గర, ఫలితాలు వచ్చాయి.

"నీ అట్ట పాసైంది తల్లీ. కమిటీకి తెగ నచ్చింది."

"లోపలిది?"

"లోపలిది ఎందుకులే. సిగ్నల్ దగ్గర మాకో పేరుంది. అచ్చు వంకరగా ఉంటే జనం సర్దుకుంటారు. విసుగొస్తే మాత్రం తెచ్చి మొహాన కొడతారు."

"అంటే వెయ్యరా?"

"ఎందుకెయ్యం? అట్ట నీది, పేరు నీది. లోపలికి వేరే నవలుంది మా దగ్గర. బంగారంలాంటిది, పాపం, మంచి అట్ట లేక ఆగిపోయింది."

ఇది సాహిత్యానికే అవమానం అని చెప్పడానికి మిలుస్కా నోరు తెరిచింది.

"మీకొద్దంటే నా పేరు వేయమనండి," అన్నాడు కవి, వెనక నుంచి.

ఆమె నోరు మూసుకుని తలూపింది.

నెల తిరక్కుండా ఆమె నవల ఊళ్లోని ప్రతి సిగ్నల్ దగ్గరా కనిపించింది. టాక్సీ డ్రైవర్లు ఆమెను గుర్తుపట్టి, ఆ చెల్లెల్ని ఎందుకు చంపేశావని నిలదీశారు. (ఆమె రాసిన నవలలో చెల్లెలే లేదు.) సెన్యోర్ ఫౌస్తో స్వయంగా ఫోన్ చేశాడు.

"ఏం రాశావమ్మా! సిగ్నల్ దగ్గర కొని, ఒక్క ఊపులో చదివేశా. మనం వేసింది ఇదేనా?"

"అదేనండీ."

"రెండోది వేస్తున్నాం. ఒక్కటే షరతు. అచ్చం మొదటిదానిలాగే ఉండాలి."

"అలాగేనండీ."

ఆ సాయంత్రం మిలుస్కా ఎర్ర లైటు పడేదాకా ఆగి, బేరమాడి, తన నవల ఒకటి కొనుక్కుంది. బస్సులో మొదలుపెడితే దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చెల్లెలు పోయిన చోట కళ్లు తుడుచుకుంది. తను ఇంత బాగా రాయగలదని ఆమెకు అప్పటిదాకా తెలియదు.