పొట్టు పొట్టు కొట్టిన గండ్రగొడ్డలి

"నేరం ఎక్కడ ఉంటే సోమేశ్వరరావు అక్కడ ఉంటాడు!"

ఆదివారం పొద్దున్నే లుంగీ మీద కోటు తొడుక్కుని, ఎదురింటి గుమ్మంలో నిలబడి ఈ మాట ప్రకటించారు సోమేశ్వరరావు గారు. కోటు ఆయన పదవీ విరమణ సన్మానానికి కుట్టించినది. చేతిలోని భూతద్దం మందుసీసాల మీద అక్షరాలు చదువుకోవడానికి కొన్నది. వ్యవసాయ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై, కొండాపూర్ అపార్టుమెంట్లలోకి వచ్చి పడినప్పటి నుంచీ ఆయన ఈ బ్లాకుకి అపరాధ పరిశోధకుడు. ఎవరూ నియమించలేదు. చేపట్టిన కేసులు రెండు. మొదటిది నాలుగో అంతస్తులో పోయిన చెప్పు. దాన్ని ఓ కుక్క తెచ్చి ఇచ్చింది. ఆ కుక్క ఎవరిదన్నది రెండో కేసు. అది ఇంకా దర్యాప్తులోనే ఉంది.

"అంటే మీరు ఉన్నచోటే నేరం ఉంటుందనా?" అన్నారు దేవరాజు గారు తలుపు తీస్తూ.

"మాట తిప్పకండి. ఏం పోయింది?"

"గొడ్డలి."

సోమేశ్వరరావు గారి కళ్ళు మెరిశాయి. "మారణాయుధం!"

"మా వాడి గొడ్డలండీ."

"మారణాయుధాలన్నీ ఎవరో ఒకరి వాడివే దేవరాజు గారూ."

దేవరాజు గారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవారు. కాబట్టి ఆ మాటలో తప్పు ఎక్కడుందో వెతికారు. దొరక్క, లోపలికి రమ్మన్నారు.

ఆయన కొడుకు కిరణ్ పాల్ హైటెక్ సిటీలో ఓ అద్దాల భవనంలో ఏదో ఆర్కిటెక్టు. ఇళ్ళు కట్టే రకం కాదు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శని ఆదివారాలు పాత గొడ్డళ్ళ కోసం ఊళ్ళు తిరుగుతాడు. మొదట ఒక్కటే అన్నాడు. అది ఒంటరిగా బాగాలేదని ఇంకోటి తెచ్చాడు. ఇప్పుడు పదకొండయ్యాయి. వాటికోసం తల్లిదండ్రుల గది గోడకి పదకొండు మేకులు కొట్టించాడు. గొడ్డళ్ళ కింద పడుకోవడం క్షేమం కాదని తనే భయపడి, తల్లిదండ్రుల్ని హాల్లోకి మార్చాడు. దీనమ్మ దివాన్ మీద, దేవరాజు గారు సోఫాలో. గొడ్డళ్ళకి ఏసీ.

ఆ పదకొండింట్లో పట్టపురాణి కాకతీయుల కాలం నాటి గండ్రగొడ్డలి. అర్ధచంద్రాకారపు వాదర, పొట్టి పిడి, పిడి చుట్టూ చెక్కిన తీగ. ఏదో పొలం దున్నుతుంటే బయటపడిందని చెప్పి ఒక వ్యాపారి అమ్మాడు. నిండా ఎర్రటి తుప్పు. ఒకరోజు దేవరాజు గారు గుడ్డతో తుడవబోతే కిరణ్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"డాడీ! అది తుప్పు కాదు, వయసు!"

"నాక్కూడా ఉందిరా వయసు. నన్నెవరూ ఏసీ గదిలో పెట్టలేదు," అన్నారు దేవరాజు గారు.

ఆ మాట కోడలు జాయ్స్ చెవిన పడింది. ఆమె స్కూలు టీచరు. అలాంటి మాటలు వదిలిపెట్టే మనిషి కాదు. మొగుడూ పెళ్ళాం ఓ ఒప్పందానికి వచ్చారు. ఆదివారం సాయంత్రం శ్యామ్ గారని ఒకాయన వస్తాడు. మ్యూజియంలో జీవితమంతా పాత ఆయుధాల మధ్య గడిపినవాడు. గండ్రగొడ్డలి నిజంగా పాతదేనని ఆయన అంటే గది గొడ్డళ్ళకి. కాదంటే అత్తమామలకి.

తీరా ఆదివారం పొద్దున లేచి చూస్తే మేకు ఉంది, గొడ్డలి లేదు.

ఇడ్లీ ప్లేటు ముందు కిరణ్ నెమ్మదిగా అడిగాడు. "డాడీ, ఎక్కడ పెట్టారు?"

ఎవరు తీశారని కాదు. ఎక్కడ పెట్టారని. దేవరాజు గారు ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టేశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని కాపీ కొడుతుంటే పట్టుకున్న మనిషిని, కన్నకొడుకే దొంగని చేశాడు. గది రాకపోతే పోనీ, గొడ్డలి దొరకాలి. సాక్ష్యం చెప్పడానికి దీనమ్మ కూడా ఇంట్లో లేదు. చర్చిలో రోజంతా స్త్రీల కూడిక ఉందని పొద్దున్నే వెళ్ళింది. ఫోను సైలెంటులో ఉంది.

ఆ స్థితిలో సోమేశ్వరరావు గారు తప్ప దిక్కు లేకపోయింది.

ఆయన గదిలోకి వెళ్ళి ఖాళీ మేకుని భూతద్దంతో చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు.

"ఏం కనిపించింది?"

"మేకు."

తర్వాత ఇద్దరూ కిందికి దిగి సెక్యూరిటీ శివని విచారించారు.

"నిన్న సాయంత్రం నుంచి ఎవరైనా గొడ్డలి పట్టుకుని గేటు దాటారా?"

"గొడ్డలి వట్టుకొని ఎవడన్న వస్తే గేటు ముందుగాల నేనే దాటుత సార్," అన్నాడు శివ. "గేటు బందు వెట్టి ఉరుకుడే."

"అంటే గొడ్డలి లోపలే ఉంది!" సోమేశ్వరరావు గారు దేవరాజు గారి భుజం నొక్కారు. "ఎందుకుంది? అదీ ప్రశ్న. గొడ్డలి పోయిందంటే, త్వరలో ఒక తల పోబోతోందన్నమాట."

"అమ్ముకోవడానికి తీసుకెళ్ళి ఉండొచ్చుగా?"

"అంత చిన్న నేరానికి నేను కోటు వేసుకోను."

లిఫ్టు దగ్గర మెట్ల మలుపులో యాదమ్మ ఫోనులో మాట్లాడుతోంది. రెండిళ్ళలోనూ పనిచేసేది ఆవిడే. సోమేశ్వరరావు గారు వేలు పెదవుల మీద పెట్టుకుని గోడకి అతుక్కున్నారు. దేవరాజు గారు, అతుక్కోవడానికి మోకాళ్ళు సహకరించక, మామూలుగా నిలబడ్డారు.

"ఏం జెప్పాలె అక్కా," అంటోంది యాదమ్మ, "నిన్న పొద్దుమూకినంక పొట్టు పొట్టు కొట్టిన. ఆఁ, అమ్మనే కొట్టుమన్నది. ఎంత లావున్నదో తెల్సా! రెక్కలు వడిపోయినయ్. సగమే అయింది. ఇంక సగం ఫ్రిజ్జుల వెట్టిన. చేతులకు అంటుకున్నది ఎంత కడిగినా పోతలేదు!"

సోమేశ్వరరావు గారి మొహంలో రంగు దిగిపోయింది. దేవరాజు గారిని మూడు అంతస్తులు మెట్ల మీదుగానే పైకి లాక్కుపోయారు.

"విన్నారా? పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. పొట్టు పొట్టు కొట్టుడంటే ఏమిటో నాకు తెలీదా? చావగొట్టడం! అమ్మనే కొట్టమందట! అంటే లావుపాటి స్త్రీ! సగం ఫ్రిజ్‌లో!"

"యాదమ్మనే అడిగేస్తే పోలా?"

"నేరుగా అడగడం పోలీసుల పద్ధతి," అన్నారు సోమేశ్వరరావు గారు నొచ్చుకుంటూ.

బ్లాకులో శనివారం నుంచి ఎవరికీ కనిపించని స్త్రీ ఎవరా అని ఆలోచించి, అసోసియేషన్ కార్యదర్శి ప్రవీణ అని తేల్చారు. వెళ్ళి గంట కొట్టారు. తలుపు ప్రవీణే తీసింది.

"మీరు బతికే ఉన్నారా!" అన్నారు సోమేశ్వరరావు గారు.

"అదేంటండీ, పొద్దున్నే ఆ మాటలు?"

"ఏం లేదమ్మా. హతురాలు కాస్త లావు మనిషి అని తెలిసి, మీరేమోనని..."

తలుపు చప్పుడు ఆరో అంతస్తు దాకా వినిపించింది.

మధ్యాహ్నం దేవరాజు గారు సొంత ఇంట్లో కొడుకు ఎదురుగా కూర్చుని తినలేక, సోమేశ్వరరావు గారింట్లోనే భోంచేశారు. ఆయన భార్య పుణ్యవతి గారిది కోనసీమ. చందానగర్ మార్కెట్లో పనసకాయ కనబడిందంటే ఆవిడ ఆగదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించింది.

"అద్భుతం," అన్నారు సోమేశ్వరరావు గారు రెండోసారి వేసుకుంటూ. "దేవరాజు గారూ, ఇప్పుడు మనం వెతకవలసింది ఫ్రిజ్‌లు. ప్రతి ఇంటి ఫ్రిజ్జూ."

"మొహమాటపడకండి అన్నయ్యగారూ, ఇంకాస్త వేసుకోండి," అంది పుణ్యవతి గారు. "ఇంకా సగం కాయ ఫ్రిజ్‌లోనే ఉంది."

దేవరాజు గారి చెయ్యి గాలిలో ఆగింది. ఎక్కడో ఏదో తట్టింది. లావు, సగం, ఫ్రిజ్... సరిగ్గా అప్పుడే నోట్లోని ముద్దలో ఆవ ముక్కుకెక్కింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుమ్మారు, దగ్గారు, మంచినీళ్ళు తాగారు. తేరుకునేసరికి తట్టినదేదో వెళ్ళిపోయింది.

"కన్నీళ్ళు వద్దు," అన్నారు సోమేశ్వరరావు గారు గంభీరంగా. "మిమ్మల్ని నిర్దోషిగా నిలబెట్టే పూచీ నాది. నాలుగింటికి అందర్నీ మా హాల్లో సమావేశపరుస్తున్నాను."

అందరూ అంటే కిరణ్, జాయ్స్, దేవరాజు గారు. పుణ్యవతి గారు టీ పెట్టాలి కాబట్టి వచ్చిపోతూ ఉంది. వంటింట్లో యాదమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు.

"అంకుల్, కాసేపట్లో శ్యామ్ గారు వచ్చేస్తారు," అన్నాడు కిరణ్. తండ్రి వైపు చూడకుండా అన్నాడు. "ఆయన్ని రప్పించడానికి నాలుగు నెలలు బతిమాలాను. ఖాళీ మేకు చూపించాలి ఇప్పుడు."

"దోషి ఈ గదిలోనే ఉన్నాడు!" అన్నారు సోమేశ్వరరావు గారు.

"మీరు డాడీ పేరే చెప్పబోతుంటే, ఆ మాట నేను పొద్దున్నే అన్నాను."

"కిరణ్, నోర్ముయ్," అంది జాయ్స్.

"కాదు! ఇది ఇంటి దొంగతనం కాదు. హత్య! ముందు హంతకుడు గోడ మీంచి ఆయుధం ఎలా తీశాడో నటించి చూపిస్తాను. యాదమ్మా! గొడ్డలి లాంటిది ఏదైనా ఒకటి తీసుకురా!"

గిన్నెల చప్పుడు ఆగింది. యాదమ్మ తడిచేతులతోనే ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

సోమేశ్వరరావు గారు అటు చూడనైనా చూడలేదు. పిడి పట్టుకుని పైకెత్తారు. "ఇదిగో, ఇలా తీశాడు. ఇలా కోటులో దాచాడు. ఇలా నక్కి నక్కి నడిచాడు." సోఫా చుట్టూ నక్కి నక్కి నడిచారు. వాదర మీద పడ్డ ఎండ గోడలంతా పరుగెత్తింది. "పిడి చిన్నది కాబట్టి లిఫ్టులో ఎవరికీ కనబడలేదు. గమనించారా, ఎంత చక్కగా ఇమిడిందో!"

అందరూ తన చేతికేసే చూస్తుండడంతో, తన వాదన పనిచేస్తోందనుకుని ఆయన ఇంకో చుట్టు తిరిగారు.

"అంకుల్," అన్నాడు కిరణ్ సన్నగా. "ఆ పిడి మీద తీగ..."

"అడ్డు తగలకు బాబూ. ఇప్పుడు వేటు వేస్తాడు."

"రావుగారూ," అన్నారు దేవరాజు గారు, "అది గండ్రగొడ్డలండీ."

సోమేశ్వరరావు గారు చేతిలోకి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "దొరికింది," అన్నారు. "చెప్పాను కదా."

యాదమ్మని పిలిచారు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"పనసకాయ కొట్టుమన్నది గద అమ్మ. కత్తి మొండిదైంది. జర ఏమన్నుంటే ఇయ్యిర్రి అని నిన్న దీనమ్మ గారినడిగిన. గోడకున్నది తీస్కపో అన్నది. నూనె రాసి కొట్టిన. పొట్టు మంచిగొచ్చింది. జిగురు వోతలేదని ఇప్పుడు చింతపండు, బూడిద వెట్టి తోమిన. తుప్పంత పోయింది సూడుర్రి, ఎట్ల మెరుస్తున్నదో."

"వయసు తోమేసింది," అన్నాడు కిరణ్, కుర్చీలో కూలబడుతూ.

"మరి పొద్దున్నించీ చెప్పవేం?" అన్నారు సోమేశ్వరరావు గారు.

"నన్నెవ్వరడిగిన్రు?"

తెరిచి ఉన్న తలుపులోంచి అప్పుడే ఇద్దరు వచ్చారు. ముందు శ్యామ్ గారు, వెనక బైబిలు సంచితో దీనమ్మ. లిఫ్టులో కలిశారట. సంగతి విని దీనమ్మ, "గోడకి పదకొండు వేలాడుతున్నాయి. ఒక్కటి పనికొస్తే ఏం పోయిందిలే అనుకున్నాను," అంది. ఆమె మొహంలో ప్రార్థన ముగిసిన ప్రశాంతత ఉంది. ఆ ప్రశాంతతని దేవరాజు గారు ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు.

శ్యామ్ గారు గొడ్డలి అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. తిప్పి చూశారు. భూతద్దం అడిగారు. సోమేశ్వరరావు గారి దర్యాప్తుల్లో దానికి దక్కిన మొదటి అసలు పని అదే.

"ఉప్పునీళ్ళలో నానబెట్టి పెంచిన తుప్పండీ ఇది. అది పోయింది కాబట్టి అక్షరాలు బయటపడ్డాయి." ఆయన మర్యాదగా దగ్గారు. "బాలానగర్ అని ఉంది."

కిరణ్ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కాకతీయుల కాలంలో ఈ ఫ్యాక్టరీల బాలానగర్‌లో కమ్మరివాళ్ళు..." మొదలుపెట్టాడు కిరణ్.

"ఇంగ్లీషులో ఉంది బాబూ."

కిరణ్ చిన్నప్పుడు లెక్క తప్పితే పలకకేసి ఎలా చూసేవాడో అలా గొడ్డలికేసి చూశాడు. గది వచ్చిందన్న సంతోషం రావలసిన చోట దేవరాజు గారికి జాలి వచ్చి కూర్చుంది.

"కేసు ముగిసింది," అన్నారు సోమేశ్వరరావు గారు కోటు గుండీ పెట్టుకుంటూ. "కాకతీయ గొడ్డలి కుట్ర బట్టబయలు! నేరం ఎక్కడ ఉంటే..."

"మీరు అక్కడే ఉన్నారండీ," అంది పుణ్యవతి గారు టీ కప్పులు తీస్తూ. "దాన్ని గోడవతల పెట్టుకుని రెండుసార్లు కూర వేసుకున్నారు. శ్యామ్ గారూ, చూడ్డం అయిపోయిందా? అయితే ఇటివ్వండి. ఇంకా సగం కాయ ఉంది."

శ్యామ్ గారు పిడి అటు తిప్పి ఆవిడ చేతికి అందించారు.

చీకటి పడ్డాక కిరణ్ ఆ గదిలోని గొడ్డళ్ళన్నీ దించి, పాత దుప్పట్లలో చుట్టాడు. జాయ్స్, తనూ కలిసి బాల్కనీలో పెట్టిన పెద్దవాళ్ళ మంచం లోపలికి మోశారు. దేవరాజు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కొడుకు సుత్తి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"డాడీ... పొద్దున ఆ మాట నేను అనాల్సింది కాదు."

"ఏ మాట?"

కిరణ్ సుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మేకులు పీకెయ్యనా?"

దేవరాజు గారు గోడని అటూ ఇటూ లెక్క చూసుకున్నారు.

"ఉండనీరా. నాకు ఎనిమిది చొక్కాలున్నాయి. మిగిలిన మూడింటికీ నీకు నచ్చిన గొడ్డళ్ళు తగిలించుకో. మంచం వైపు మాత్రం చొక్కాలే ఉంటాయి."