కుండ తలకెక్కిన రోజు

ఆ రోజు కుండ మాస్టారు ఒకే ఆలోచనతో లేచారు. పొద్దున్నే ఆఫీసుకెళ్లి తన పేజీని అచ్చుకు పంపేయాలి, సాయంత్రం రైలెక్కేయాలి, మళ్లీ ఆ ఆఫీసు మొహం చూడకూడదు. ఆయన పనిచేసే నిఘంటువు కార్యాలయంలో ఒక పద్ధతుంది. చేతిలో ఉన్న మాట అచ్చుకు వెళ్లేదాకా మనిషికి రిటైర్మెంట్ లేదు. మాస్టారి చేతిలో ఉన్న మాట ‘టెస్టా’. లాటిన్‌లో మట్టికుండ. ఆయనకు ఆఫీసులో ఆ పేరు అలా వచ్చిందే. మనం తలను బుర్ర అన్నట్టే వాళ్లెవరో సరదాకి తలను కుండ అన్నారు. ఆ సరదా లాటిన్‌కు పుట్టిన భాషల్లోకి పాకి, చివరికి మాస్టారి ప్రాణం మీదికి వచ్చింది.

"ఏమండీ, ఆ కుండ ఎక్కడికి?" అంది భార్య, అందులో ఉండాల్సిన గరిటెలన్నీ గట్టు మీద కుప్పగా పడి ఉండటం చూసి.

"మా నిఘంటువుకి బొమ్మలేసే బొమ్మలాయన వస్తువుని కళ్లతో చూస్తేగానీ పెన్సిల్ ముట్టుకోడే. మధ్యాహ్నానికి తెచ్చేస్తాగా."

"పెట్టెలు సర్దేశాను. ఈసారి కూడా రైలు తప్పించారంటే నేనొక్కదాన్నే మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను, చెప్తున్నా."

ఆమె అన్నంత పనీ చేస్తుందని ఆయనకు తెలుసు.

ఆఫీసులో బల్ల చుట్టూ, ఆ భాషలకు ఒక్కొక్కరు చొప్పున, నలుగురు కూర్చున్నారు. ఆ నలుగురూ సంతకం పెడితేనే పేజీ కదులుతుంది. ఫ్రెంచాయన, ఇటాలియనాయన తల అనే అన్నారు, పేచీ లేదు.

"మా పోర్చుగీసు వాళ్లకి అది తల కాదండీ, నుదురు. బొమ్మలో బాణం గుర్తు నుదుటి మీదే పడాలి" అన్నాడు బట్టతలాయన.

"మా రొమేనియన్‌లో పుర్రె! బాణం నుదుటి దగ్గరే ఆగిపోతే మా పుర్రె గతేంటి?" అంది మేడమ్.

"ఏదో ఒకటి తేల్చండి తల్లీ, నాకు రైలుంది" అని మాస్టారు బతిమాలారు.

తేల్చేద్దామనే మేడమ్ కుండ తీసుకుని బట్టతలాయన నెత్తిన బోర్లించింది. "చూడండి, నుదురు ఎక్కడిదాకా, పుర్రె ఎక్కడినుంచి!" కుండ నుదురు దాటి, ముక్కు దాటి, గడ్డం దగ్గర ఆగింది. తీయబోతే రాలేదు. సబ్బునీళ్లు పోశారు. ఫ్రెంచాయన భుజాలు పట్టుకుంటే ఇటాలియనాయన కుండ పట్టుకుని లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారుగానీ కుండ కదల్లేదు.

"అయినా సరే, నుదురే!" అంది కుండ.

కింద ప్రెస్సు వ్యాను హారన్ కొడుతోంది. మాస్టారికి ఏడుపొచ్చింది, ఉత్తుత్తిది కాదు, నిజం ఏడుపు. సరిగ్గా అప్పుడే ప్రధాన సంపాదకుడు లోపలికొచ్చాడు.

"ఏంటయ్యా ఈ వేషం?"

ఆ గొంతు విని బట్టతలాయన కంగారుగా లేచి, వంగి నమస్కారం పెట్టాడు. బల్ల అంచు తగిలి కుండ ముక్కలైంది. తలకేమీ కాలేదు. ఆ భయంలో నలుగురూ కిక్కురుమనకుండా సంతకాలు పెట్టేశారు. తల, నుదురు, పుర్రె అన్నీ ఒకే పేజీలో సర్దుకున్నాయి. మాస్టారు ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని తలుపు వైపు పరుగెత్తారు.

"ఆగండి" అంటూ సంపాదకుడు వంగి ఒక ముక్క ఏరాడు. "లాటిన్‌లో దీన్ని కూడా టెస్టా అనే అంటారు కదండీ? కుండపెంకు. పేజీలో ఎక్కడుంది?"

అందరూ పేజీలోకి తొంగిచూశారు. ఇన్నేళ్లూ తల గురించి కొట్టుకుచస్తూ పెంకు సంగతే మరిచిపోయారు. వ్యాను ఉత్తచేతులతో వెళ్లిపోయింది.

మాస్టారు ఇంటికి ఫోన్ చేశారు. "నువ్వు... వెళ్లిపోవే" అన్నారు.

అటునుంచి తిట్లు రాలేదు. "వేళకి తినండి" అని మాత్రం వినిపించింది. తిట్టినా బాగుండేదని ఆయన కుమిలిపోయారు. కాసేపయ్యాక తెల్లకాగితం ముందేసుకుని ‘పెంకు’ అని రాసుకున్నారు.

బొమ్మలాయన మాత్రం హుషారుగా పెన్సిల్ చెక్కుకున్నాడు. చూసి గీయడానికి ఈసారి గదినిండా పెంకులున్నాయి.