హెడ్ గారికి కనబడ్డ రెండు గీతలు

"వెలుగుకే అందనిది ఇకపై మన డిపార్టుమెంటుకు అందుతుంది!" అని ఫిజిక్స్ హెడ్ రాజలింగు గారు ప్రకటించేశారు. అందించింది మాత్రం రోజూ లాలాపేట్ నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే రీసెర్చ్ స్కాలర్ స్వర్ణ.

మరీ దగ్గరదగ్గరగా ఉన్న రెండు గీతలు ఎంత గొప్ప లెన్సులో చూసినా ఒకటిగానే కనిపిస్తాయి. వెలుగు హద్దు అంతే. పల్చటి వెండి పొర అడ్డం పెడితే విడివిడిగా కనిపించాలి గానీ, ఆ వెండి దారిలోనే వెలుగును మింగేస్తుంది. ఎంత మింగుతుందో ముందే లెక్కగట్టి, అంత వెలుగునూ అదనంగా పంపింది స్వర్ణ. హాస్టల్‌కు సకినాల డబ్బా పంపే తల్లి రూమ్మేట్ల వాటా కూడా కలిపి పెట్టదూ, అలాగ. నాలుగేళ్లకు గీతలు విడివడ్డాయి. ఇక థీసిస్ రాయడానికి ఆరు నెలల గడువు కావాలి, దానికి హెడ్ సంతకం కావాలి. లేకపోతే నాలుగేళ్లూ గంగలో కలిసినట్టే.

దసరా సెలవులకు ముందు ల్యాబులో ఆయుధపూజ చేసిన రోజే ప్రదర్శన పెట్టారు. ముఖ్య అతిథి మైక్రోస్కోపులోకి వంగి "అద్భుతం" అన్నారు. హెడ్ గారు వంగి "రెండు గీతలూ ముత్యాల్లా ఉన్నాయి" అన్నారు. స్వర్ణ చూసింది. కటిక చీకటి. అటెండరు పేరయ్య భక్తికొద్దీ లెన్సుకే నిండుగా కుంకుమ బొట్టు పెట్టాడు.

"సార్, లెన్సు మీద బొట్టున్నది. ఏం కనిపిస్తలేదు" అనేసింది స్వర్ణ అందరి ముందే.

వారం తిరగకుండా హెడ్ గారి అధ్యక్షతన కమిటీ తేల్చేసింది: "హాజరైన పెద్దలందరికీ గీతలు కనిపించినవి. కుమారి స్వర్ణకు మాత్రమే కనిపించలేదు. కావున లోపము ఆమె చూపులో కలదు. కంటి డాక్టరు సర్టిఫికెట్ దాఖలు చేయువరకు గడువు పొడిగింపు నిలిపివేయడమైనది."

సర్టిఫికెట్ కోసం స్వర్ణ తార్నాకలో కంటి డాక్టరు దగ్గరికెళ్లింది. పరదా వెనక ఎవరినో పరీక్ష చేస్తున్నారు.

"పై వరుసల పెద్దక్షరం చదవండి సార్."

"అక్షరమా? గోడ మీద ఏమన్న ఉన్నదా?"

"రెండు కండ్లకూ శుక్లాలు ముదిరినయి. ఏడాది సంది చెప్తున్న, ఆపరేషన్ చేయించుకోండని."

పరదా తప్పించి, గోడ తడుముకుంటూ రాజలింగు గారు బయటికొచ్చారు. మెట్ల దగ్గర తూలబోతే స్వర్ణ చెయ్యి పట్టుకుంది.

"ఎవరు బిడ్డా?"

"స్వర్ణను సార్."

ఆయన గొంతు తగ్గించి, "నీ గడువు కాగితం ఉన్నదా? ఇటియ్యి" అన్నారు. సంతకం చోట స్వర్ణే ఆయన పెన్ను ఆనించింది. సంతకం పడింది.

"మరి నన్ను గీడ చూసిన సంగతి..."

"నేనేం చూసిన సార్? నాకు చూపే సరిగ లేదని మీరే రాసిండ్రు గద."