ఉబ్బిన ముఖానికే తెరుచుకుంటుంది

రోగి రహస్యాన్ని కాపాడటం వైద్యానికి మొదటి మెట్టు. ఊళ్లోకెల్లా పెద్దదైన ఆ ఆసుపత్రి ఆ మెట్టు మీద ఎంత గట్టిగా నిలబడిందంటే, రెండో మెట్టు (అంటే రోగం నయం చేయడం) ఎక్కడానికి దానికి ఇంకా తీరిక చిక్కలేదు. గుమ్మంలోనే నిలువెత్తు బోర్డు: ‘మీ జబ్బు మా గుండెల్లో భద్రం.’ దాని పక్కన అద్దాల బీరువాలో, సేవల నాణ్యతకి వచ్చిన బహుమతులు వరసగా మెరుస్తుంటాయి. వాటి మీద దుమ్ము తుడవాలంటే బీరువా తాళం కావాలి. తాళం ఎవరి దగ్గరుందో అదీ రహస్యమే.

అక్కడ రోగిని పేరు పెట్టి పిలవరు. పేరు అతని సొంత ఆస్తి, దాన్ని పదిమందిలో బయటపెట్టడం నేరమని గోప్యతా విభాగం తీర్మానించింది. అందుకని మైకులో జబ్బు పెట్టి పిలుస్తారు. “మొలలవారు మూడో గదికి రావాలి” అని వినబడగానే హాల్లో తలలన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి. తల వంచుకుని నడిచివెళ్లే పెద్దమనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మేరకు ఆయన పరువు దక్కినట్టే.

ఆ ఉదయం “గజ్జల్లో వాపువారు” అన్న పిలుపుకి ఒక దర్జీ ఆవిడ లేచి, భర్తని భుజానికి ఆనించుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆయన బడి వ్యాను నడుపుతాడు. గజ్జల్లో లేచిన బుడిపెని ‘అదే సర్దుకుంటుందిలే’ అని చాలాకాలంగా చూసీ చూడనట్టు వదిలేశాడు. ఇవాళ వ్యాను చక్రం మార్చబోయి ఎత్తేసరికి అది బయటికొచ్చి మరి లోపలికి పోనంది. మనిషి మెలికలు తిరిగిపోయాడు. ఆవిడ కుడుతున్న చొక్కాని మిషను మీదే వదిలేసి, మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి పరిగెత్తుకొచ్చింది.

సర్జను చెయ్యి వేసి చూసి, “పేగు ఇరుక్కుందమ్మా. ఈ పూటే ఆపరేషన్ చేసెయ్యాలి, ఆలస్యం చేస్తే పేగు చచ్చిపోతుంది” అన్నాడు. అనడమే కాక ఆ ముక్క కంప్యూటర్లో కొట్టాడు. కొట్టి చెయ్యి తీశాడో లేదో, ఆవిడ ఫోను మోగింది.

“నమస్తే మేడమ్, మీవారికి పేగు ఇరుక్కుందట కదా, వినగానే చాలా బాధేసింది. మా దుకాణంలో నడుం పట్టీలు...”

“బల్ల మీదకి ఎక్కబోయే మనిషికి పట్టీ ఏంటయ్యా! పెట్టెయ్ ఫోను!” అని ఆవిడే పెట్టేసింది.

“మందులేమైనా పడవా ఈయనకి?” అన్నాడు సర్జను.

ఆవిడకి చప్పున గుర్తొచ్చింది. పడవు. కిందటేడు ఇదే ఆసుపత్రిలో మోకాలి దెబ్బకి కుట్లు వేస్తూ ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు. చూస్తుండగానే ఆయన ముఖం గుమ్మడికాయంత అయింది, కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి అందలేదు. ఎవరి పుణ్యమో గట్టెక్కాడు. ‘ఈ మందు ఈయనకి జన్మలో ఇవ్వకూడదు’ అని అప్పటి డాక్టరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు కూడా. సరిగ్గా ఆ వారమే ఆసుపత్రి కాగితం లేని ఆసుపత్రిగా మారింది. గుమ్మం దగ్గర ఆ చీటీ తీసుకున్నారు, అందులోని సంగతి ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కించారు, చీటీని ఆవిడ కళ్లముందే సన్నగా తురిమేశారు. “ఇంక బెంగ లేదమ్మా, లోకం మునిగినా ఇది చెదరదు” అన్నారు. లోకం మునగలేదు గానీ, ఆ మందు పేరు ఆవిడ తలలో నిలవలేదు.

“పేరు గుర్తులేదు సార్. సీసా మూత పసుప్పచ్చగా ఉంది.”

“సగం సీసాలకి పసుప్పచ్చ మూతేనమ్మా. పేరు తెలియకుండా నేను దేన్నీ పొడవలేను. రికార్డు తెరిపించండి.”

“మీరు తెరవలేరా?”

“కొత్త సంగతులు రాయడానికే మాకు అనుమతి. పాతవి చదవడానికి లేదు.” (ఉత్తరాల డబ్బా పద్ధతన్నమాట. వేయొచ్చు, తీయకూడదు.)

గోప్యతాధికారి నలువైపులా అద్దాలున్న గదిలో కూర్చుంటాడు. ఆయన ఏం చేసినా, చేయకపోయినా హాలంతటికీ కనిపిస్తుంది. కబురందగానే టై సవరించుకుంటూ వచ్చి, ఆవిడ చెప్పిందంతా ఎంతో మర్యాదగా విన్నాడు.

“అమ్మా, మీవారికి ఒక మందు పడదని మీరంటున్నారు. అది ఆయన రహస్య సమాచారం. మీకెలా తెలిసింది?”

“పక్కనే ఉన్నాను కదా సార్. నా కళ్లముందే ముఖం ఉబ్బిపోయింది.”

“అనుమతి తీసుకుని చూశారా?”

అధికారి దయగలవాడు కాబట్టి, ఈసారికి ఫిర్యాదు రాయననీ, ఇకమీదట భర్త ముఖం కేసి చూసేటప్పుడు జాగ్రత్తగా ఉండమనీ చెప్పాడు.

రికార్డుకి తాళంచెవి రోగి ముఖమే. యంత్రం ముందు ముఖం పెడితే గుర్తుపట్టి తెరుచుకుంటుంది. మందు పేరేమిటి, జబ్బు పేగుదా ఊపిరితిత్తులదా, ఏదీ వేరే కంటికి చేరదు. వ్యాను డ్రైవరుని చక్రాల కుర్చీలో తోసుకెళ్లి యంత్రం ముందు నిలిపారు. యంత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, ‘మీరు మీరు కారు’ అంది. మళ్లీ చూపించారు. మళ్లీ అదే మాట.

అధికారి పాత ఫోటో తెరిచి చూసి నిట్టూర్చాడు. కిందటేడు ముఖాన్ని ఎక్కించిన రోజు, ఆయన ముఖం ఇంకా గుమ్మడికాయగానే ఉంది. యంత్రానికి తెలిసిన ముఖం అదే. దేవుడిచ్చిన ఈ మామూలు ముఖాన్ని అది ఎన్నడూ చూసి ఎరగదు.

“అయితే ఇప్పుడెలాగండీ?” అంది దర్జీ ఆవిడ.

“ఒకే మార్గముంది. ముఖం మళ్లీ అలా ఉబ్బితే తెరుచుకుంటుంది.”

“అలా ఉబ్బాలంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వాలి కదా!”

“ఇవ్వొచ్చు. కానీ ఏ ఇంజెక్షనో తెలియాలంటే రికార్డు తెరవాలి” అన్నాడు అధికారి, విధానంలోని పకడ్బందీతనానికి తానే మురిసిపోతూ.

ముఖం మార్పుకి వేరే దరఖాస్తు ఉందట. దాన్ని రికార్డు తెరిచాక అందులోంచే పెట్టుకోవాలట.

కుర్చీలో మనిషి మూలిగాడు. “ఏమే, నావల్ల కావట్లేదే” అన్నాడు. రోజూ పొద్దున్నే బడిపిల్లలతో సమానంగా గోల చేసే గొంతు అది. ఆ గోల లేని ఇల్లు తలుచుకుంటేనే భయమేసింది. భయమేసినప్పుడు ఆవిడకి చేతనైంది ఒక్కటే, పని. నర్సుని దూది అడిగింది. ఫోటోలోని ముఖాన్నీ భర్త ముఖాన్నీ మెడలోని టేపుతో కొలిచి, తేడా చూసుకుని, కోటు భుజాలకి మెత్తలు పెట్టినట్టు ఆయన బుగ్గల్లో దూది కూరింది.

“నొప్పిగా ఉందే” అన్నాడాయన దూదిలోంచి.

“కాసేపు ఓర్చుకోండి. గాలి పీల్చి బుగ్గలు పూరించండి.”

యంత్రం కాస్త మెత్తబడింది. ‘మీరు కొంతవరకు మీరే’ అంది. ఆ వెంటనే, ‘దయచేసి చిరునవ్వు నవ్వండి’ అని అడిగింది. పేగు ఇరుక్కున్న మనిషి పాపం నవ్వబోయాడు. దూది కాస్తా ఊడి యంత్రం మీద పడింది. అనుమానాస్పద ప్రయత్నం అంటూ యంత్రం సాయంత్రం దాకా మూతపడింది.

“సాయంత్రం దాకా ఆగలేడు ఈయన” అన్నాడు సర్జను నెమ్మదిగా.

అప్పుడే ఆవిడ ఫోను మళ్లీ మోగింది.

“మేడమ్, కోప్పడకండి, చివరి మాట. మా పట్టీ మీవారికి నిశ్చింతగా వాడొచ్చు. ఆయనకి పడని మందు ఉంది కదా, ఆ వాసన కూడా సోకకుండా విడిగా కుట్టిస్తాం.”

ఆవిడ పెట్టెయ్యబోయి ఆగింది. “ఏ మందు నాయనా?”

“అదేంటి మేడమ్, మీకు తెలియదా?” అని అతగాడు ఆశ్చర్యపోయి, ఆ మందు పేరు పొల్లుపోకుండా చెప్పాడు. కిందటేడు ఎంత మోతాదు ఇచ్చారో, ఎంతసేపట్లో ముఖం ఉబ్బిందో, విరుగుడుగా ఏమిచ్చారో కూడా చెప్పాడు. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆవిడ ఫోను సర్జను చేతిలో పెట్టింది. ఆయన అన్నీ అడిగి రాసుకున్నాడు. పట్టీల దుకాణంవాడు ఎంతో ఓపిగ్గా జవాబులిచ్చి, కిందటేడు రక్తంలో చక్కెర కూడా కొంచెం ఎక్కువుంది, చూసుకోండి సార్ అన్నాడు.

“సార్, ఇది అనధికార మార్గం” అన్నాడు గోప్యతాధికారి, అడ్డంగా నిలబడి.

“అధికార మార్గంలో మీరు నడవండి. నేను ఆపరేషన్‌కి వెళ్తున్నాను” అని సర్జను కుర్చీని తానే తోసుకుంటూ వెళ్లిపోయాడు.

పేగు బతికింది. వ్యాను డ్రైవరు కూడా బతికాడు. తలుపు తెరుచుకుని ఆ మాట బయటికి రాగానే దర్జీ ఆవిడ గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. (ఎవరికోసమో చెప్పకూడదని సిబ్బందిలో ఒకడు మెల్లగా గుర్తుచేశాడు.)

ఆసుపత్రి అంతటి తప్పుని చూస్తూ ఊరుకోదు. గోప్యతాధికారి విచారణ జరిపి, ఆ పూటే ఫలితం తెచ్చాడు. పట్టీల దుకాణం తప్పేమీ లేదు.

“చేరేటప్పుడు మీవారు ‘అన్నిటికీ ఒప్పుకుంటున్నాను’ అన్నచోట వేలు పెట్టారు. దాని ప్రకారం ఆ దుకాణం మాకు భాగస్వామి. వాళ్లు చూడొచ్చు” అన్నాడు.

“మరి నేను?”

“మీరు ఆయనకి భార్య మాత్రమే కదమ్మా.”

పోతే, ముఖం విషయంలో జరిగిన పొరపాటుని సరిదిద్దడానికి ఆయన స్వయంగా పూనుకున్నాడు. అవసరం కొద్దీ, దరఖాస్తు లేకుండానే. ఇంకా మత్తు వదలని వ్యాను డ్రైవరు మంచం మీద, ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ తొడుగుతో కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. సాయంత్రం యంత్రం తెరుచుకోగానే దాన్ని మంచం దాకా తెప్పించి ఫోటో తీయించాడు.

“కొత్త ముఖం ఎక్కింది. ఇంక మార్చడం కుదరదు” అని సంతోషంగా వెళ్లిపోయాడు.

ఆవిడ ఆ తొడుగు కేసి చూసింది, యంత్రం కేసి చూసింది. వరండాలోకి వెళ్లి, పొద్దున్న తిట్టి పెట్టేసిన నంబరుకి తనే ఫోను చేసింది.

“నాయనా, ఇవాళ్టి ఆపరేషన్ సంగతులు మీ దగ్గరికి వచ్చాయా?”

“ఎప్పుడో వచ్చేశాయి మేడమ్. కుట్లు బాగా పడ్డాయట. రేపు పొద్దున గంజి ఇవ్వొచ్చని రాశారు.”

“చల్లగా ఉండు నాయనా. ఎప్పుడు ఫోను చేసినా దొరుకుతావా?”

“ఆదివారం ఒక్కటే సెలవు మేడమ్.”

మర్నాడు ఆయనకి పూర్తిగా తెలివొచ్చి, ఏం జరిగిందే అని అడిగితే, ఆవిడ గంజి చెంచాతో తాగిస్తూ నింపాదిగా చెప్పింది:

“ఏం లేదు గానీ, ఇకమీదట మీరు ఆదివారం మాత్రం జబ్బు పడకండి.”