నిమిషానికి ఒక చుక్క

నా గోళ్ళకేసి అలా చూడకండర్రా. అది మసి కాదు, చైను నూనె. బొగ్గుగనిలో ఉద్యోగం దొరికిందా అని అడిగినవాడెవడో ముందు ఆ టీ ఇటు అందిస్తే, జరిగింది చెబుతాను.

స్కాట్లండ్‌లో మన ఓబన్ రేవు వాన సంగతి మీకు చెప్పేదేముంది? వారానికి ఏడు రోజులుంటే ఎనిమిది రోజులు వాన. దానికి తోడు సముద్రం మీది ఉప్పుగాలి. మోటారుసైకిల్ చైనుకి శనివారం నూనె పెడితే మంగళవారానికల్లా డికాషన్ రంగుకి తిరుగుతుంది. ఐదు రోజులు బస్సు తోలి, "ఆ కొండ పేరేంటండీ?" అనే టూరిస్టులకి జవాబు చెప్పీ చెప్పీ నోరు పడిపోయి, శనివారం కాస్త పడుకుందామంటే ఏడింటికల్లా తడినేల మీద మోకాళ్ళేసి చైను తోమాలి. ముప్ఫై ఏళ్ళు తోమాను. విసుగెత్తిపోయింది.

కిందటేడు జూన్‌లో ఓ నాలుగు వారాలు ఎగ్గొట్టాను. నేనూ మా ఆవిడ ఇష్బెల్ స్కై దీవిలో ఉన్న వాళ్ళక్క మోరాగ్ ఇంటికి వెళుతుంటే, ఫోర్ట్ విలియం ఊరు దాటాక చైను ఠప్పున తెగింది. మూడు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆవగింజలో సగం కూడా ఉండని మిడ్జి దోమలు బంధువులందర్నీ వెంటేసుకుని వచ్చి మమ్మల్ని తిన్నాయి. ఇష్బెల్ మొహం బన్నురొట్టెలా పొంగింది.

"మర్డో," అంది, తెరుచుకుంటున్న ఆ ఒక్క కంటితోనే నన్ను చూస్తూ. "ఇంకొక్కసారి ఈ చైను నన్ను రోడ్డున పడేసిందా, బండి అమ్మేస్తాను."

"ఇంక జరగదు. ఒట్టు!"

"నా మీదా, బండి మీదా?"

"బండి మీద."

"అయితే నమ్ముతాను."

ఆ బండి మా పెళ్ళికంటే రెండేళ్ళు పెద్దది. అది లేకపోతే నేను బతకగలను గానీ, ఎందుకు బతుకుతున్నానో తెలియదు. అలాగని శనివారం తెల్లారి లేవడం నా వల్ల కాదు. సరిగ్గా అప్పుడే మన అన్నీ తెలిసిన ఆర్చీ, అదిగో ఆ మూల కప్పులో మొహం దాచుకున్నాడే, వాడు నాకో దారి చూపించాడు. ఆటోమేటిక్ చైను ఆయిలర్! సీటు కింద ఓ సీసా, దానికి కుళాయిలా తిప్పే ఓ మర, అక్కణ్ణుంచి వెనక పళ్ళచక్రం దాకా సన్నటి గొట్టం. ఇంక జన్మలో చైను ముట్టుకోనక్కర్లేదన్నాడు.

అక్టోబరులో ఓ శనివారం దాన్ని బిగించడానికి కూర్చున్నాను. ఇష్బెల్ గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తుందది?"

"ఇంజను తిరుగుతున్నంతసేపూ నిమిషానికి ఒక చుక్క నూనె వేస్తుంది."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."

"అదిప్పుడూ చేస్తున్నావుగా. దానికి మిషనెందుకు?"

మధ్యాహ్నానికి బిగించడం అయింది. రెండు మరమేకులు మిగిలాయి. ఏ మిషనుకైనా రెండు మిగులుతాయి కదా అని జేబులో వేసుకున్నాను. ఇంజను నడిపిస్తూ, చేతిగడియారం పట్టుకుని చక్రం పక్కన బోర్లా పడుకున్నాను. ఒక నిమిషం, చుక్క లేదు. ఐదు నిమిషాలు, చుక్క లేదు. ఆర్చీకి ఫోన్ చేస్తే, "ఇంకా తెరువు!" అన్నాడు. తెరవగలిగినంతా తెరిచాను. చుక్క పడుతోందో లేదో సరిగ్గా కనబడక కళ్ళజోడు కోసం ఇంట్లోకి వెళ్ళాను. పావుగంట వెతికాక అది నా నెత్తి మీదే దొరికింది.

తిరిగొచ్చేసరికి పెరట్లో రాళ్ళ మీద నూనె మడుగు. మడుగు మధ్యలో మా పిల్లి బెయిలీ, ఏదో తను కొనుక్కున్న చెరువన్నట్టు కూర్చుని ఉంది. గబుక్కున మర తిప్పి కట్టేసి, "ఏయ్!" అని అరిచాను. ఆ అరుపే నా కొంప ముంచింది. బెయిలీ వంటింట్లో దూరి, మెట్లెక్కి, పడగ్గదిలోకి పోయి, మర్నాడు చర్చికి వేసుకోవాలని ఇష్బెల్ మంచం మీద పరిచి పెట్టుకున్న మీగడ రంగు కోటు మీద అటూ ఇటూ నాలుగుసార్లు పచారు చేసింది.

"మర్డో!"

రేవులో ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"నిమిషానికి ఒక చుక్క అన్నావు?"

"అన్నాను."

"నా కోటు మీద నాలుగు నెలల నూనె కనబడుతోంది!"

ఆ శనివారం చీకటిపడేదాకా నేల తోమాను. ఆదివారం పిల్లిని తోమాను. పిల్లి నన్ను గీరింది. ఆ రెండు రోజుల చాకిరీతో ఏడాదికి సరిపడా చైను తోమేసి ఉండొచ్చు. సోమవారం సీసా అంచుదాకా మళ్ళీ నింపి మూత పెట్టి, నడుం పట్టుకుని బస్సెక్కాను.

ఆ తర్వాత మాత్రం ఎంత సుఖమని! పెరట్లో ఒక్క చుక్క పడితే ఒట్టు. చైను చూడబోతే పెళ్ళికూతురి మెళ్ళో గొలుసులా మెరుస్తోంది. శనివారం పదింటిదాకా నిద్ర. లేచి కిందికి రాగానే, "చూశావా నా ఆయిలర్?" అనేవాణ్ణి. "చూస్తున్నాను, భలే మిషను," అనేది ఇష్బెల్, చేతులు తుడుచుకుంటూ. ఆ చేతులు ఏదో నూనె వాసన వేసేవి. చేపలు పొగబెట్టే షెడ్డులో పని కదా, చేప నూనె అనుకున్నాను. స్నానాలగదిలో నా టూత్‌బ్రష్‌లు మాత్రం ఎలా మాయమయ్యేవో అర్థమయ్యేది కాదు. బెయిలీని అనుమానించాను.

మొన్న జూన్‌లో మళ్ళీ మోరాగ్ ఇంటికి బయల్దేరాం. ఆర్చీ కూడా తన బండి మీద వెంట వచ్చాడు. ఫోర్ట్ విలియంలో టీకి ఆగినప్పుడు అక్కడున్న బండివాళ్ళందర్నీ పోగేసి నా మిషను గురించి ఉపన్యాసం మొదలెట్టాను.

"ఎనిమిది నెలలు! చైను మీద చెయ్యి వేసి ఎరగను!"

"సీసా ఎన్నిసార్లు నింపావు?" అన్నాడు ఆర్చీ.

"ఒక్కసారే. అంత పొదుపు!"

ఆర్చీ వంగి మూత తీశాడు. సీసా అంచుదాకా నిండుగా ఉంది. పైన ఓ మిడ్జి చచ్చి తేలుతోంది.

"ఒరే మర్డో, మర కట్టేసి ఉందిరా."

పిల్లి గుర్తొచ్చింది. మర కట్టేసిన చెయ్యి గుర్తొచ్చింది. మళ్ళీ తెరిచిన చెయ్యి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"మరి చైను ఎలా మెరుస్తోంది?" అన్నారెవరో.

ఇష్బెల్ సంచిలోంచి బిస్కట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో చిన్న నూనె డబ్బా, మసిగుడ్డ, నా నీలం టూత్‌బ్రష్.

"శనివారం ఏడింటికి. నువ్వు గురక పెట్టే టైముకి."

"చెప్పొచ్చుగా!"

"చెబితే మర తెరుస్తావు. తెరిస్తే నా రెండో కోటు కూడా పోతుంది."

"నా పాత బ్రష్‌లే కదా తీసుకుంది?"

"మొదటిది పాతదే."

అందరూ పగలబడి నవ్వుతున్నారు. నాకు మాత్రం ఆవిడ కిందటేటి బెదిరింపు గుర్తొచ్చింది. "చైను నిన్ను రోడ్డున పడెయ్యలేదుగా ఇష్బెల్? బండి అమ్మక్కర్లేదుగా?" అన్నాను.

ఆవిడ బండికేసి చూసింది. సీటు మీద చెయ్యి వేసింది. "దీన్నెవరు అమ్ముతారు? దీని మీదే కదా వానలో తడిపి తడిపి నన్ను పెళ్ళికి ఒప్పించావు. నాకూ ఇదంటే ప్రాణమే. లేకపోతే ఎనిమిది నెలలు ఆ చలిలో ఎందుకు తోముతాను?" అంది. సిగ్గుతో నేను టీ కప్పులోకి చూశాను. అప్పుడు ఆ డబ్బా నెమ్మదిగా నా వైపు జరిపింది. "కానీ ఇకనుంచి శనివారం నిద్ర నాది."

అదండీ నా గోళ్ళ కథ.

మొన్న శనివారం చినుకుల్లో మోకాళ్ళ మీద కూర్చుని తోముతున్నాను. పైన పడగ్గది కిటికీ తెరిచి ఉంది. దుప్పట్లోంచే ఇష్బెల్ వాళ్ళక్కతో ఫోన్లో మాట్లాడుతోంది.

"అవునక్కా, చైనుకి ఆటోమేటిక్ ఆయిలర్ వచ్చింది. ఇప్పుడు బాగా పనిచేస్తోంది. ఏడు కొట్టేసరికి దానంతటదే లేచి కిందికి వెళుతుంది... ఆఁ, చప్పుడా? కాస్త సణుగుతుంది, అంతే."